డ్రమ్ములో ‘దబ్’ ఏమైంది?

“నేరస్థులారా, లొంగిపోండి! అపరాధ ప్రపంచానికి సింహస్వప్నం వచ్చేసింది!”

రికార్డింగ్ గదిలో ఉన్నది ముగ్గురే: పాటలు పాడే అమ్మాయి, సౌండ్ ఇంజనీరు, డ్రమ్మరు. ముగ్గురిలో ఎవరూ లొంగిపోలేదు. గుమ్మంలో భూతద్దం పట్టుకుని నిలబడ్డ సింహస్వప్నం డ్రమ్మరు బావమరిది. ఇప్పటివరకూ ఛేదించిన కేసులు సున్నా.

వాణ్ణి పిలవాల్సి వచ్చినందుకు డ్రమ్మరుకి తల కొట్టేసినట్టుంది. కానీ ఏం చేస్తాడు? మొదటి ఆల్బమ్‌లో కాలితో వాయించే ఆ పెద్ద డ్రమ్ము ‘దబ్ దబ్’మని గుండెల్లో దిగేది. రెండో ఆల్బమ్ మొదలెట్టగానే అదే డ్రమ్ము ఖాళీ బిందెలా ‘బొంయ్’మంటోంది. మూడు రోజులుగా బిగించారు, వదులు చేశారు, మైకులు మార్చారు. ఈ సాయంత్రానికి దారికి రాకపోతే డ్రమ్మరు బదులు మెషిన్ పెట్టేస్తానని పాడే అమ్మాయి తేల్చి చెప్పేసింది. పదేళ్ళ బ్యాండు. పాపం, డ్రమ్మరుకి నిజంగానే ఏడుపొస్తోంది.

“బావా, ఇది శబ్దహరణం! అంతర్జాతీయ ముఠా పని!” అంటూ డిటెక్టివ్ డ్రమ్ము ముందువైపు మూత ఊడదీసి లోపలికి తొంగిచూశాడు. “అబ్బ! ఏమీ వదల్లేదు బావా, లోపలంతా ఖాళీ! ఊడ్చుకుపోయారు!”

“డ్రమ్ములో ఏముంటుందిరా, నీ మొహం!”

“వేలిముద్రలుంటాయి!”

తలా భుజాలూ లోపలికి దూర్చాడు. ఆపైన ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. ఆ పక్కనే డ్రమ్మరు తల పట్టుకుని, ఒళ్ళు మండిపోయి, పెడల్ మీద ఒక్క తన్ను తన్నాడు.

దబ్!

అద్దం వెనక ఇంజనీరు కుర్చీలోంచి లేచిపోయాడు. “ఆపకండి! వాయించండి!”

“చెవులు గింగురుమంటున్నాయి బావా!”

“కదిలావంటే చంపేస్తా!”

పాడే అమ్మాయి మైకు దగ్గరకి పరుగెత్తింది. పాట మొత్తం ఒకే ఊపులో అయిపోయింది. ఆమె నవ్వుతూ మెషిన్ వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. డ్రమ్మరు కళ్ళు తుడుచుకున్నాడు.

“లోపల మెత్తటిదేదైనా ఉంటే మోత చస్తుంది. ఇంతకుముందు ఏం పెట్టేవాడివి?” అనడిగాడు ఇంజనీరు.

“దిండు!” డ్రమ్మరు నుదురు కొట్టుకున్నాడు. పదేళ్ళుగా అందులోనే ఉండటంతో దాని సంగతే మర్చిపోయాడు. వెంటనే భార్యకి ఫోన్ చేశాడు.

“ఆ కంపు దిండా? నేనే పీకేసి ఉతికి ఆరేశా. ఇంకోసారి అలాంటిది డ్రమ్ములో పెట్టారో, డ్రమ్ము కూడా నానబెడతా!”

ముగ్గురూ కలిసి కాళ్ళు పట్టి లాగితే డిటెక్టివ్ బయటికొచ్చాడు. జుట్టంతా రేగిపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

“కేసు ఛేదించాను! ఎవరా దుర్మార్గులు? పేరు చెప్పు బావా, ఇప్పుడే వెళ్ళి సంకెళ్ళు వేస్తా!”

“మీ అక్క.”

సింహస్వప్నం భూతద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

“ఇంకా ఎన్ని పాటలున్నాయి బావా?”

“ఎనిమిది.”

డిటెక్టివ్ మళ్ళీ డ్రమ్ములోకి దూరాడు.