పదమూడు శాతం

ఆదివారం పొద్దున్న శ్రీరామచంద్రమూర్తిగారి పథకం చిన్నదే. మైలవరం నుంచి చెల్లెలి భర్త, బావగారు దత్తాత్రేయ తొమ్మిదింటి బస్సుకు దిగుతారు. మామిడితోటలో బోరు వేయించడానికి రెండు లక్షలు చేబదులు అడుగుతారు. లేవని చెప్పి పంపించాలి. ముప్ఫై ఏళ్ళు అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మనిషికి అబద్ధం కూడా పకడ్బందీగా ఉండాలి కదా.

"బ్యాంకులో ఉందంటే అన్నయ్యగారు తీసివ్వమంటారు. తీయడానికి వీల్లేని చోట ఉందనండి," అంది భార్య రమాసుందరి.

పేపర్లో ప్రకటన కనిపించింది. హనుమాన్ జంక్షన్ దగ్గర ఓ టైల్స్ కంపెనీ బాండ్లు, పదమూడు శాతం వడ్డీ, మూడేళ్ళ గడువు. బావగారికి కాఫీ అందించి, ఆ ప్రకటన చూపిస్తూ మూర్తిగారు నిట్టూర్చారు.

"డబ్బంతా దీంట్లో పెట్టేశాను బావగారూ. మూడేళ్ళదాకా కదలదు."

"పదమూడా? అంతెట్లా ఇస్తారండీ?"

అడక్కపోతే బాగుండేది. రేటింగు తక్కువున్న కంపెనీలకు బ్యాంకులు అప్పివ్వవనీ, అవి జనం దగ్గర ఎక్కువ వడ్డీకి తీసుకుంటాయనీ, ఆ డబ్బుతో ఫ్యాక్టరీ నడిచి నాలుగొందల మందికి అన్నం దొరుకుతుందనీ మూర్తిగారు గంటసేపు పాఠం చెప్పారు. రేటింగు తక్కువంటే డబ్బు మునిగే ప్రమాదమన్నది రెండో గంటలో రావలసిన సంగతి. అప్పటికి బావగారు చేబదులు మాటే మరిచి బస్సెక్కేశారు.

నెల తిరిగేసరికి చెల్లెలు శాంభవి ఫోన్ చేసింది. "తోట అమ్మేశాం అన్నయ్యా. పద్దెనిమిది లక్షలూ నువ్వు పెట్టిన బాండ్లలోనే వేశాం. పక్కింటి సంపూర్ణమ్మగారు కూడా వేశారు."

నిజం చెబితే తోడబుట్టినదానితో అబద్ధమాడినట్టు తేలిపోతుంది. "మంచిదమ్మా," అన్నారు మూర్తిగారు. ఆ ఏడాది వడ్డీ ఠంచనుగా పడింది. ఆయన పేరు చెప్పుకుని వాళ్ళ వీధి వీధంతా బాండ్లు కొన్నది.

రెండో ఏడు వడ్డీ ఆగింది. ఫ్యాక్టరీకి తాళం పడింది. నాలుగొందల మందీ రోడ్డున పడ్డారు. జనం మీదికొస్తారని మూర్తిగారు వారం రోజులు గుమ్మం దాటలేదు.

వచ్చింది శాంభవి ఒక్కతే. తిట్టినా బాగుండేది.

"మాకు తోట ఒక్కటే పోయింది. నీకు జన్మంతా కూడబెట్టింది పోయింది. మా వీధిలో అందరూ నిన్ను తలుచుకునే బాధపడుతున్నారు," అంటూ చేతి బంగారు గాజులు రెండూ తీసింది. "వీటితో కొన్నాళ్ళు గడుపుకో అన్నయ్యా."

మూర్తిగారి నలభై లక్షలూ గవర్నర్‌పేట బ్యాంకులో క్షేమంగా ఉన్నాయి. ఆ మాట చెబుదామని నోరు తెరిచారు. వంటింటి గుమ్మంలోంచి రమాసుందరి కళ్ళతోనే వారించింది.

వద్దంటే అనుమానం వస్తుందని మూర్తిగారు చెయ్యి చాచారు.