ఎదురు గది

బుధవారం పొద్దున టైలరు దుకాణం తలుపు తీయలేదు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. పది గంటలకు గ్రంథాలయం మేడమీద, తాగుడు మానాలనుకునేవాళ్ళ మీటింగు ఉంది. వెళ్ళి ఓ మూల కూర్చుని, ఎవరి కంటా పడకుండా వచ్చేయాలన్నది అతని ఆలోచన.

ఆ చిరునామా రాసిచ్చింది భార్య. తొమ్మిది రోజుల కిందట సంచీ సర్దుకుని అక్క ఇంటికి వెళ్తూ, "నువ్వు ఆ మీటింగుకి వెళ్ళేదాకా నాకు ఫోన్ చెయ్యకు," అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. అప్పటినుంచి అతను చుక్క ముట్టలేదు. మిషను పక్కన ఆమె కూర్చునే పీట మీద గుండీలు కుట్టాల్సిన చొక్కాలు పేరుకుపోతున్నాయి. తనే కుట్టగలడు. కుట్టేస్తే ఆమె వచ్చాక చేయడానికి పనేం ఉంటుందని ముట్టుకోలేదు.

మెట్ల దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఎక్కడికండీ?"

పక్కనే ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఇద్దరూ తన దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళే. టైలరు గొంతు తగ్గించాడు. "మీటింగుకి."

"పైన రెండున్నాయి. ఏ మీటింగు?"

"అదేనయ్యా... నోరు కట్టుకోలేనివాళ్ళది."

"అలా చెప్పండి మరి! ఎడమవైపు గది."

ఎడమవైపు గదిలో ఎనిమిదిమంది గుండ్రంగా కూర్చుని ఉన్నారు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ చేయి పట్టుకుని కూర్చోబెట్టి, "సిగ్గుపడకండి. ఇక్కడందరం ఒకటే," అంది. ఆ మాటతో అతనికి ధైర్యం వచ్చింది.

"ముట్టుకుని తొమ్మిది రోజులైందండీ," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "సాయంత్రం ఆరయ్యేసరికి కాళ్ళు వాటంతటవే ఆ కొట్టువైపు పోతాయి."

"నావీ అంతే!" అన్నాడు బ్యాంకు గుమాస్తా.

"ఒకటితో ఆగుదామనుకుంటాను."

"ఆగదు!" అన్నారు ఎనిమిదిమందీ.

"ఇంట్లో ఆవిడకి తెలీకుండా బట్టల తానుల వెనక దాచేవాణ్ణి."

"నేను సబ్బుపొడి డబ్బాలో," అంది టీచరమ్మ. ఆవిడ కూడానా అని టైలరు నివ్వెరపోయాడు. ఇన్నేళ్ళలో తనని ఇంత బాగా అర్థం చేసుకున్నవాళ్ళు లేరనిపించింది.

అంతలో గది మధ్యకి బరువు తూచే యంత్రం వచ్చింది. లివరు పరీక్షేమో అనుకుని ఎక్కాడు. అతనసలే గాలికి రెపరెపలాడే మనిషి. ముల్లు చూసి గుమాస్తా గుండెల మీద చేయి వేసుకున్నాడు. "తొమ్మిది రోజుల్లోనే ఇంత తగ్గారా!"

టీచరమ్మ చేతిలో పెట్టిన కాగితం మీద కేకులు, ఐస్‌క్రీములు, వేపుళ్ళు మానే పద్ధతులున్నాయి. అప్పుడు అర్థమైంది. నోరు తెరిచాడు. ఎనిమిది జతల కళ్ళు ఆశగా తననే చూస్తున్నాయి. నోరు మూసుకున్నాడు.

వచ్చే వారం అసలు మీటింగు జరిగే ఎదురు గదికే వెళ్దామనుకున్నాడు. కానీ అతను టైలరని తెలిసిపోయింది. నడుములు కొలవడానికి అరగంట ముందే రమ్మన్నారు. టీచరమ్మ మెట్ల దగ్గరే కాపు కాసి లాక్కుపోయేది. అందరి కొలతలూ అయి బయటపడేసరికి ఎదురు గదికి తాళం పడేది. మూడోవారం గుమాస్తా నడుము అంగుళం తగ్గితే, అతను టైలర్ని కౌగిలించుకుని ఏడ్చాడు.

సాయంత్రాలు మాత్రం అలాగే ఉండేవి. ఫోను చేతిలోకి తీసుకునేవాడు. మీటింగుకి వెళ్ళానంటే అబద్ధం, వెళ్ళలేదన్నా అబద్ధమే. ఆమె గొంతు ఒక్కసారి వింటే చాలు, తిట్టినా సరే అనుకుని, మళ్ళీ పెట్టేసేవాడు.

ఐదో బుధవారం టేపు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను తాగుబోతునండీ. నాకు తీపి పడదు. గది తప్పొచ్చాను."

టీచరమ్మ లేచింది. "పదండి."

"ఎక్కడికండీ?"

"ఎదురుగా. ఒక్కరే వెళ్ళలేకే కదా ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చున్నారు!"

తొమ్మిదిమందీ వరండా దాటి ఎదురు గది తలుపు తోశారు. లోపల ఐదారుగురు ఉన్నారు. గుమ్మానికి ఎదురుగా, పక్క కుర్చీలో సంచీ పెట్టుకుని, అతని భార్య కూర్చుని ఉంది.

"ఇంట్లోవాళ్ళూ రావచ్చన్నారు," అంది ఆమె నెమ్మదిగా. "నువ్వొస్తావని ఐదు వారాలుగా ఈ గుమ్మం చూస్తున్నా."

"నేను ఎదురు గదిలోనే ఉన్నానే. ఐదు వారాలూ."

"అది లావు తగ్గేవాళ్ళది కదా?" అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. నవ్వు ఆపుకోవాలని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు. "ఒక్క చుక్కా ముట్టలేదా?"

"ఒక్కటీ లేదు."

ఆమె కుర్చీలో సంచీ తీసి కింద పెట్టింది. ఇంటికొస్తానని అనలేదు. అతనూ అడగలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె మోచేయి తగులుతోంది. అది చాలా రోజులకి సరిపోయేలా ఉంది.

మీటింగు పెద్దమనిషి మాత్రం కొత్తగా వచ్చినవారు తొమ్మిదిమంది అని పుస్తకంలో రాసుకుని, ఊళ్ళో తాగుడు మరీ పెరిగిపోయిందని ఆ పూటంతా బాధపడ్డాడు.