గట్టి పార్టీ

ఆ ఆదివారం కళ్లజోళ్ల షాపాయన వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి ఫ్లాట్ చూపించాలి, అమ్మేయాలి, హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. అద్దెలొస్తాయని ఆశపడి కొన్న ఫ్లాటది. పై అంతస్తు బాత్రూమ్ నుంచి పడగ్గది గోడలోకి నీళ్లు దిగుతుంటే, అద్దెకొచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు. బాగు చేయించమంటే పైనున్న రిటైర్డ్ నీటి సరఫరా ఇంజనీరు "అది మీ గోడ సమస్య" అని తలుపేసుకునేవాడు. బ్యాంకు వాయిదాలు షాపు రాబడినంతా మింగేస్తున్నాయి. ఈసారి ఫ్లాట్ పోకపోతే షాపు పోతుంది.

గోడకు ముందురోజే కొత్త రంగు కొట్టించాడు. ఆ పొద్దున ఫోన్ ఇంట్లోనే మరిచిపోయి షాపుకు వెళ్లాడు. అది మోగితే భార్య తీసింది.

"అమ్మా, పదకొండింటికి ఫ్లాట్‌లో పార్టీ. సారుకి తెలుసు. గట్టి పార్టీ, ఫ్యామిలీ అంతా వస్తున్నారు," అని చెప్పి బ్రోకరు పెట్టేశాడు.

బ్రోకర్ల భాషలో పార్టీ అంటే కొనేవాడని ఆవిడకేం తెలుసు? ఆ రోజు ఆవిడ పుట్టినరోజు. పెళ్లయ్యాక మొదటిసారి మొగుడికి గుర్తొచ్చిందని పాపం ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫ్యామిలీ అంతా అన్నారు గనక అక్కకు ఫోన్ చేసింది. అక్క చెవిన పడ్డాక ఇంకేముంది, బాబాయిలు, పిన్నులు, వాళ్ల వియ్యంకులు, కేకు, బెలూన్లు, మంచమంత స్పీకరు, అన్నీ బయల్దేరాయి.

షాపాయన ఆలస్యంగా వచ్చి తలుపు తీసేసరికి లోపల వదినగారు డాన్సు చేస్తోంది.

"ఎంత గుట్టుగా చేశారండీ!" అంది భార్య మురిసిపోతూ.

ఆయనకు విషయం అర్థమైంది. "నీకోసమే," అన్నాడు నీరసంగా. ఆవిడ ముఖం చూస్తే నిజం చెప్పబుద్ధి కాలేదు. కొనేవాడు వచ్చేలోగా ఈ గుంపును ఎలా పంపాలో తెలియక పడగ్గదిలోకి తప్పుకున్నాడు. అక్కడ ఒక బట్టతలాయన తీరిగ్గా కేకు తింటున్నాడు. భార్య వైపు చుట్టాలు షాపాయనకు ఏనాడూ గుర్తుండరు.

"ఏమిటండీ అంత కంగారు?" అన్నాడు బట్టతలాయన.

"మీరు మనవాళ్లు గనక చెబుతున్నా బావగారూ. ఈ గోడంతా చెమ్మే. పైన రంగు పూయించా. ఎవరో వెర్రిబాగులవాడు కొనడానికి వస్తున్నాట్ట, అంటగట్టేస్తే నా షాపు నిలబడుతుంది."

బట్టతలాయన మూతి తుడుచుకున్నాడు. "ఆ వెర్రిబాగులవాణ్ణి నేనే బావగారూ."

వెంటనే తన పెళ్లాం పిల్లల్ని డాన్సులోంచి లాక్కుని వెళ్లిపోయాడు. షాపాయన తల పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. గుమ్మంలో నిలబడి అంతా విన్న భార్యకు ఒళ్లు మండిపోయింది. కానీ షాపు పోతుందన్న భయం ఆ కోపాన్ని మింగేసింది.

సరిగ్గా అప్పుడే పై ఇంజనీరు ఊగిపోతూ దిగొచ్చాడు. "ఏమిటీ గోల? ఇన్నాళ్లూ కింద ఎవరూ లేక ప్రాణం హాయిగా ఉంది!"

షాపాయన క్షమించమనబోయాడు. భార్య ఆయన కాలు తొక్కింది.

"ఖాళీగా ఎందుకని బాబాయిగారూ, ఇకనుంచి ప్రతి ఆదివారం మావాళ్లంతా ఇక్కడే. వచ్చే వారం మా తమ్ముడు డ్రమ్స్ కూడా తెస్తాడు."

"డ్రమ్సా?"

"రెండు సెట్లు," అంది వదినగారు హుషారుగా.

ఇంజనీరు గోడకు చేరగిలబడ్డాడు. కొత్త రంగు చొక్కాకంటింది, ఆయన చూసుకోలేదు. "అమ్ముతారా? నేనే కొనేస్తాను. ఎంత?"

షాపాయన నోరు తెరిచేలోగా భార్య ధర చెప్పింది. బట్టతలాయన దగ్గర ఆశించినదానికన్నా అది బాగా ఎక్కువే. ఇంజనీరు స్పీకరు వైపు ఒకసారి చూసి, బేరమాడకుండా ఒప్పుకున్నాడు.

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు పొద్దున్నే ఇంజనీరు తన బాత్రూమ్ బాగు చేయించడానికి ప్లంబర్ని పిలిపించాడు.