ఒకే బండిలో రండి

ఆ పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. విమానాశ్రయంలో మొహం కడుక్కోవాలి. నలగని చొక్కా తొడుక్కోవాలి. తమ్ముడి పక్కన కారులో కూర్చుని, నోరు మెదపకుండా, అక్క ఊరు చేరాలి. మూడింటికి అక్కను ఉంచిన శవపేటికకు మూత బిగిస్తారు. ఆలోగా ఆమె మొహం ఒక్కసారి చూడాలి. ఇందులో తప్పు దొర్లడానికి ఏమీ లేదనే ఆయన అనుకున్నారు.

అక్క పరాయి దేశంలో, చిన్న ఊళ్ళో నర్సుగా పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళిద్దరినీ చంకనేసుకుని పెంచిన మనిషి. ఫోను చేసినప్పుడల్లా ఒకే మాట అడిగేది. "ఇద్దరూ ఒకే బండిలో రండిరా. విడివిడిగా వస్తే తలుపు తియ్యను." ఆ తర్వాత వాళ్ళ ఊరి రైలు గేటును తిట్టిపోసేది. "బజారుకు పోవాలన్నా గేటే, ఆసుపత్రికి పోవాలన్నా గేటే. రేపు నన్ను మోసుకుపోయేవాళ్ళు కూడా ఆ గేటు దగ్గర ఆగాల్సిందే" అని నవ్వేది.

తమ్ముళ్ళిద్దరూ ఒకే బండి ఎక్కకపోవడానికి కారణం ఉంది. తల్లికి జబ్బు ముదిరినప్పుడు పెద్దాసుపత్రికి రైల్లో తీసుకెళ్దామని మాస్టారు, కారులో తీసుకెళ్దామని తమ్ముడు పట్టుబట్టారు. రైల్లో కుదుపు ఉండదని ఒకరు, కారులో ఆలస్యం ఉండదని ఇంకొకరు. వాళ్ళు వరండాలో వాదించుకుంటూ ఉండగానే, లోపల ఆవిడ ఏ బండీ అక్కర్లేని చోటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకరి ఫోను నంబరు ఒకరి దగ్గర లేదు. చెప్పుకోక తప్పని సంగతులు మాస్టారి భార్య ద్వారా నడిచేవి.

తమ్ముడు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. అతని నోట బండి అంటే కారు. మాస్టారి నోట బండి అంటే రైలు. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. కొంప ముంచింది అదే.

అక్క పోయిన కబురు తెలియగానే మాస్టారు అలవాటు కొద్దీ రైలుకు రెండు టికెట్లు కొన్నారు. తమ్ముడు అలవాటు కొద్దీ అద్దె కారు మాట్లాడి పెట్టాడు. ఇద్దరి సంగతీ ఇద్దరికీ మాస్టారి భార్య చేరవేసింది. ఇద్దరూ వినీ విననట్టు ఊరుకున్నారు. విమానంలో ఒకరు ముందు వరసలో, ఒకరు తోక దగ్గర కూర్చున్నారు. మబ్బులను చూస్తూ ఉంటే మాస్టారికి ఆనాటి వరండా గుర్తొచ్చింది. ఈసారికి తమ్ముడి మాటే నెగ్గనిద్దాం అనుకున్నారు. తోక దగ్గర కూర్చున్నవాడు కూడా అన్న గురించి అచ్చంగా అదే అనుకుంటున్నాడని ఆయనకు చెప్పేవాళ్ళు లేరు.

దిగాక, మొహం తుడుచుకుంటూ ఇంటికి ఫోను చేశారు. తమ్ముడు అప్పుడు పిలిస్తే పలికేంత దూరంలో, బెంచీ మీద బూట్లు చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"వాడితో చెప్పు, బండిలోనే వెళ్దామన్నానని."

"ఎంత మొండివారండీ మీరు. ఇవాళ కూడా మీ పంతమేనా?"

"పంతం కాదే. చెప్పు చాలు."

ఆవిడ నిట్టూర్చి మరిదికి ఫోను కలిపింది. "బాబూ, మీ అన్నయ్య బండిలోనే వెళ్దామంటున్నారు. నువ్వైనా సర్దుకుపో నాయనా."

"సర్దుకుపోదామనే వచ్చాను వదినా. ముందు వెళ్ళి బండి దగ్గర ఉంటానని చెప్పు."

"ఒప్పుకున్నాడండీ పాపం" అని ఆవిడ మాస్టారికి చెప్పింది. "బండి దగ్గర ఉంటాడట."

నెగ్గినవాడిని పట్టుకుని పాపం అంటుందేమిటి అనుకున్నారు మాస్టారు. అన్న తమ్ముడి భాషలో చెప్పాడు, తమ్ముడు అన్న భాషలో విన్నాడు. ఆయన తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

అద్దె కార్ల కౌంటర్లో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మాస్టారు తమ్ముడి పేరు చెప్పారు. పేరు ఉందంది. లైసెన్సు ఇమ్మంది.

"నాకు లేదమ్మా. మా తమ్ముడికి ఉంది."

"ఆయన ఎక్కడ?"

"కారు దగ్గర ఉంటానన్నాడు."

"కారు ఇక్కడే ఉంది. ఆయన లేరు" అంది ఆ అమ్మాయి, లెక్క తప్పు చేసిన పిల్లవాడితో మాట్లాడినట్టు. మాస్టారి ముఖం చూసి జాలిపడిందేమో, కారు చూపించి తలుపు తీసింది. తాళం మాత్రం ఇవ్వలేదు.

ఆయన అలవాటుగా ఎడమ తలుపు వైపు వెళ్ళి కూర్చున్నారు. ఎదురుగా స్టీరింగు కనిపించింది. పరాయి దేశంలో అటుదిటు అని గ్రహించి, దిగి చుట్టూ తిరిగి రెండో వైపు కూర్చున్నారు. ఇంతలో ఫోను మోగింది.

"ఏమండీ, బండి ఎక్కారా? కదిలేలా ఉందట, మీ తమ్ముడు కంగారు పడుతున్నాడు."

"ఎక్కి కూర్చున్నాను. వాడినే రమ్మను."

"మీ అన్నయ్య ఎప్పుడో ఎక్కి కూర్చున్నారట. నువ్వే ఎక్కాలి" అని ఆవిడ మరిదికి చెప్పింది. రైలు పెట్టె తలుపు దగ్గర తచ్చాడుతున్న తమ్ముడు చటుక్కున ఎక్కేశాడు. తలుపులు మూసుకున్నాయి. రెండు టికెట్లూ మాస్టారి జేబులో, కారులో ఉండిపోయాయి.

కాసేపటికి మళ్ళీ ఫోను.

"ఈ చివరనుంచి ఆ చివరదాకా బండంతా వెతికాడట. మీరెక్కడా లేరంటున్నాడు."

మాస్టారు వెనక్కి తిరిగి చూశారు. వెనక సీటు మీద ఆయన పెట్టె తప్ప ఏమీ లేదు. "ఇందులో వెతకడానికి ఏముందే? ఉన్నవి నాలుగు సీట్లు."

"నాకేం తెలుసు? మీరు చెప్పింది అతనికి, అతను చెప్పింది మీకు అప్పజెబుతున్నాను. ఇక్కడినుంచి నాకేమైనా కనిపిస్తుందా?"

మరికొంతసేపటికి ఆవిడ కంగారుగా మళ్ళీ ఫోను చేసింది. "అతన్ని బండిలోంచి దింపేశారటండీ."

"ఎవరు దింపారు? ఊరందరికీ డ్రైవింగు నేర్పేవాడిని బండిలోంచి దింపే మొనగాడు ఎవడు?"

"ఏమోనండీ. అందరి ముందూ దింపేశారని ఒకటే బాధపడుతున్నాడు."

మాస్టారికి ఇక అనుమానం లేదు. తమ్ముడు వేరే కారు మాట్లాడుకుని వెళ్ళిపోయాడు, మధ్యలో ఏదో వంకతో కథలు చెబుతున్నాడు. తను తగ్గినందుకు తనకు దక్కిన మర్యాద ఇది. "బాగుంది. వాడి దారి వాడిది" అని ఫోను పెట్టేసి, పెట్టె తీసుకుని స్టేషనుకు నడిచి, తరవాతి రైలు ఎక్కారు.

టికెట్లు చూసే మనిషి వచ్చాడు. మాస్టారు అలవాటు కొద్దీ రెండూ అందించారు. ఆ మనిషి ఖాళీగా ఉన్న పక్క సీటును చూసి, రెండో టికెట్టు ఎవరిదన్నట్టు చెయ్యి తిప్పాడు. అప్పుడే భార్య మళ్ళీ ఫోను చేసింది.

"వివరంగా కనుక్కున్నానండీ. టికెట్టు లేదని దింపేశారట. టికెట్లు మీ దగ్గరున్నాయని చెప్పినా వినలేదట."

మాస్టారు ఖాళీ సీటు మీద చెయ్యి వేసి కూర్చుండిపోయారు. కారుకు టికెట్టు ఎవరూ అడగరు. వాడు ఎక్కింది రైలు. తన కోసం ఎక్కాడు. తన కోసమే, ముక్కూ మొహం తెలియని జనం ముందు దొంగలా దిగాడు.

"ఇదిగో, జాగ్రత్తగా విను" అన్నారు. "వాడిని వెనక్కి వెళ్ళి కారు తీసుకురమ్మను. కారు. నేను రైల్లో ఉన్నాను. రైలు. బండి అనే మాట ఇక ఇవాళ నీ నోట రాకూడదు."

"ఆ మాట మొదలుపెట్టింది నేనా?" అందావిడ.

మూడు దాటింది. రైలు ప్రతి స్టేషనులోనూ ఆగుతూ పోతోంది. కిటికీలో పొలాలు, గోదాములు, మళ్ళీ పొలాలు. మూత బిగించే చప్పుడు ఎలా ఉంటుందో ఆయన అనుకోకూడదనుకుంటూనే అనుకున్నారు. అక్క ఊరు ఇంకాస్త దూరం ఉందనగా రైలు కీచుమని ఆగిపోయింది. జనం కిటికీల మీద పడ్డారు. పట్టాల మీద ఎవరో కారు ఆపారని తెలిసింది. తలుపు తెరవగానే మాస్టారు దిగి, కంకర మీద తూలుతూ ముందుకు నడిచారు.

అక్క తిట్టిన గేటే అది. రెండు గేట్ల మధ్య, ఆయన పొద్దున కూర్చున్న కారు అడ్డంగా ఉంది. తమ్ముడు చెమటలు కక్కుతూ వెనకనుంచి తోస్తున్నాడు. ఆ కారుకు క్లచ్చు లేదు. ఎన్నో ఏళ్ళుగా క్లచ్చు తొక్కిన ఎడమకాలు గేటు దగ్గర తన పని తాను చేసింది. తగిలింది బ్రేకు. ఆగితే దానంతట అదే ఇంజను ఆపేసుకునే రకం కారు అది. పట్టాల మీద ఆగింది. తరవాత ఏది నొక్కినా పలకలేదు. గంట మోగింది, గేట్లు పడ్డాయి. అతను కోటు విప్పి ఊపుకుంటూ రైలుకు ఎదురు పరిగెత్తి, మళ్ళీ వెనక్కి వచ్చి తోస్తున్నాడు.

మాస్టారు అతని పక్కకు వెళ్ళి నిలబడ్డారు. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోటికి వచ్చింది ఇది.

"ఏరా, బండి ఆగిపోయిందా?"

తమ్ముడు తలెత్తలేదు. "ఏ బండి అన్నయ్యా? నాదా, నీదా?"

"నేను తోస్తాను. నువ్వు లోపల కూర్చుని స్టీరింగు తిప్పు."

"నువ్వొక్కడివీ తొయ్యలేవు. నువ్వే కూర్చుని తిప్పు."

"నాకు రాదుగా."

"అవును. ఊళ్ళో నేను నేర్పనిది నీకొక్కడికే" అన్నాడు తమ్ముడు. "అయితే ఇద్దరం తోద్దాం. ఎటు పోతే అటు పోతుంది."

ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. కారు పట్టాలు దాటి, గేటు పక్క కాలవలోకి ముక్కు పెట్టి ఆగింది. మాస్టారి పెట్టెను వెంటబెట్టుకుని రైలు కదిలి వెళ్ళిపోయింది. గేటు లేచింది.

గేటు అవతల బండ్లు బారు తీరి ఉన్నాయి. అన్నిటికీ ముందు ఒక పొడవాటి నల్లబండి. అందులోంచి ఒక ముసలావిడ కోపంగా దిగి వచ్చింది. అక్క పోయిన కబురు ఫోనులో చెప్పిన పొరుగింటావిడ. వచ్చీరాని మాటలతో, చేతులతో ఆవిడ చెప్పిందిది: "మీ కోసం మూత తెరిచే ఉంచమన్నాను. మూడు దాటాక ఇక ఆగలేమన్నారు. బిగించేశారు. ఈపాటికి అంతా అయిపోవాల్సింది. ఎవడో దద్దమ్మ పట్టాల మీద కారు ఆపాడని ఇక్కడే నిలిచిపోయాం." ఆవిడ కాలవలోని కారును, తమ్ముడి చేతుల మట్టిని చూసింది. తిట్టడం మానేసి, నల్లబండి వెనక తలుపు తీసింది.

లోపల అక్క పెట్టె నున్నగా ఉంది. మూత చుట్టూ మరలు కొత్తగా మెరుస్తున్నాయి. విడివిడిగా వస్తే తలుపు తియ్యనని అక్క అన్న మాట ఇద్దరికీ గుర్తొచ్చింది.

పెట్టెకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. చోటు ఇరుకు. తమ్ముడు మట్టిచేతులు ప్యాంటుకు తుడుచుకుని ఒక అరచెయ్యి మూత మీద పెట్టాడు. కాసేపటికి మాస్టారు తన చెయ్యి ఆ చేతి మీద పెట్టారు. నల్లబండి మెల్లగా పట్టాలు దాటింది. ఇందులో కుదుపు లేదు, ఇక ఆలస్యం అనే మాటా లేదు.

ఫోను మోగింది.

"ఎక్కడున్నారండీ? మీ తమ్ముడు ఫోను ఎత్తడం లేదు."

"నా ఎదురుగానే ఉన్నాడు" అన్నారు మాస్టారు. "ఇద్దరం ఒకే బండి ఎక్కాం. అక్క కూడా ఉంది."

"ఏ బండండీ?" అని, పొద్దుటినుంచి అడగవలసిన మాట ఆవిడ అప్పటికి అడిగింది.