మిల్లు సైరను మళ్లీ మోగింది

ఆ రోజు ఉదయం మున్సిపల్ చైర్మన్‌గారి పథకం చాలా చిన్నది. పది గంటలకు పెట్టుబడిదారు కారు మిల్లు గేటు ముందు ఆగుతుంది. సరిగ్గా అప్పుడే, పన్నెండేళ్లుగా మూగబోయిన బట్టల మిల్లు సైరను ఒక్క నిమిషం మోగుతుంది. ఆయన గుండె కరుగుతుంది, ఊళ్లోకి ఫ్యాక్టరీ వస్తుంది. మిగతాదంతా ఆ ఫ్యాక్టరీయే చూసుకుంటుంది.

చైర్మన్‌గారికి ముప్పై ఏళ్లు. ఊరెందుకు చతికిలబడిందో ఆయనకు మాత్రమే తెలుసు. మిల్లు మూతపడినందుకు కాదట, సైరను ఆగిపోయినందుకట. "చప్పుడు లేని ఊరు చచ్చినట్టే!" అని గెలిచిన కొత్తలో మైకు పట్టుకుని సెలవిచ్చారు. జనం చప్పట్లు కొట్టేసరికి ఒళ్లు తెలియక, "ఏడాదిలోగా ఊళ్లో ఒక్కరికైనా ఉద్యోగం ఇప్పించలేకపోతే, కుర్చీ వదిలేసి మా మామగారి కొట్లో కూర్చుంటా" అని కూడా నోరు జారారు. దానికి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. మామగారు ఒకప్పుడు ఆ మిల్లులోనే టైమ్‌కీపరు. ఇప్పుడు మేకులూ తాళాలూ అమ్ముతున్నారు. ఆయన మర్నాడే ఒక స్టూలు తెప్పించి మిల్లు గేటు ఎదురుగా ఉన్న తన కొట్టు తలుపు పక్కన వేయించారు. ఏడాది ఇవాళ్టితో నిండుతోంది.

"ఏమండీ, ఆ వచ్చేవారి ఉత్తరం వెనకవైపు కూడా ఏదో రాసుందండీ" అంది భార్య, చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"నాయకుడన్నవాడు ముందుకు చూడాలి. 'మీ ఊళ్లో ఉన్న ప్రత్యేకత నాకు నచ్చింది, వచ్చి చూస్తాను' అని ముందువైపే రాశాడుగా. ఇంకేం కావాలి?"

"మన ఊళ్లో ప్రత్యేకతా? ఏంటది?"

"నేనే అయ్యుంటా."

ఆవిడ చొక్కా చేతికిచ్చేసి లోపలికి వెళ్లింది.

సైరను బాగుచేసింది పానా తాత. ముప్పై ఏళ్లు దాని పక్కనే ఫిట్టరుగా పనిచేశాడు కాబట్టి దాని గురించి తాతకు తెలియనిది లేదు. అందువల్లే తాతకు వినిపించేదీ లేదు. కారు వీధి మలుపు తిరగ్గానే చైర్మన్‌గారు చెయ్యి ఊపారు. తాత మీట నొక్కాడు.

చుట్టుపక్కల కిటికీ అద్దాలు గజగజలాడాయి. కారు ఆగింది కానీ దిగాల్సిన మనిషి దిగలేదు. డ్రైవరు మాత్రం దిగి, వద్దు వద్దన్నట్టు రెండు చేతులూ ఊపాడు. చైర్మన్‌గారు కూడా సంతోషంగా రెండు చేతులూ ఊపారు.

నిమిషం గడిచింది. మూడు నిమిషాలు గడిచాయి.

"ఇక ఆపు తాతా!"

"సంతోషం బాబూ! ఇంకా పెంచమన్నా పెంచుతా!"

పెంచాడు. మీట ఊడి చేతిలోకి వచ్చింది.

ఈలోగా ఊరు ఊరంతా లేచి కూర్చుంది. పాత కార్మికుల బుర్రలు ఆలోచించేలోపే కాళ్లు నడిచేశాయి. ఒకాయన సగం గడ్డం నురగతోనే వచ్చాడు. ఇంకొకాయన ఖాళీ టిఫిన్ క్యారియరు పట్టుకొచ్చాడు. చూస్తూండగానే రెండు వందల మంది గేటు ముందు వరస కట్టారు. మామగారు అటక మీది హాజరు పుస్తకం దులుపుకుని వచ్చి, బల్ల వేయించుకుని కూర్చున్నారు.

"మావయ్యా, మీరేంటి ఇక్కడ?"

"సైరను మోగింది కదయ్యా!" అన్నారు మామగారు, అల్లుడికి మతి పోయిందేమోనన్నట్టు చూసి.

చైర్మన్‌గారి బుర్ర వెలిగింది. ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా? పరుగున వెళ్లి కారు తలుపు తెరిచారు. లోపల పెట్టుబడిదారు రెండు చెవులూ మూసుకుని, ఎర్రబడ్డ కళ్లతో కూర్చున్నాడు.

"చూశారా సార్! రెండు వందల మంది! మీ ఫ్యాక్టరీకి ఇప్పుడే రెడీ!"

అప్పుడే ఫ్యూజు ఎగిరిపోయింది. సైరను టక్కున ఆగింది. పెట్టుబడిదారు చెప్పిన మాటలు చివరి వరసలోని వాళ్లకు కూడా వినిపించాయి.

"ఫ్యాక్టరీ ఎవరు పెడతామన్నారండీ? నిద్ర పట్టనివాళ్ల కోసం ఆసుపత్రి. మూడు వందల ఉద్యోగాలు. ఉత్తరం వెనకాల వివరంగా రాశాను కదా? ఎన్నో ఊళ్లు తిరిగాను, ఇంత నిశ్శబ్దం ఎక్కడా దొరకలేదు. మీ వీధి మలుపు దగ్గర, నాలుగు నెలల తర్వాత నాకే ఇంత కునుకు పట్టింది."

"సార్, ఇది ఇవాళ ఒక్కరోజే సార్!"

"ఒక్కరోజేంటి బాబూ!" ఊడిన మీట పైకెత్తి పానా తాత కేక పెట్టాడు. "ఇకనుంచి రోజూ పొద్దున ఎనిమిదింటికి మోగిస్తా!"

రెండు వందల మందీ ఈలలు వేశారు. కారు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు, ఎవరి మగ్గం ఎక్కడ ఉండేదో చెప్పుకుంటున్నారు. పన్నెండేళ్లలో వాళ్లంతా ఒక్కచోట నవ్వడం అదే మొదటిసారి. చైర్మన్‌గారు ఇస్త్రీ చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నారు. వాళ్ల నవ్వు చూసినందుకో, ఎదర స్టూలు కనబడినందుకో ఆయనకే తెలియలేదు.

మర్నాడు ఎనిమిదింటికి సైరను మోగింది. రాజీనామా కాగితం ఆఫీసు వాచ్‌మన్ చేతికిచ్చి, ఆయన కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదీ పది. మామగారు హాజరు పుస్తకంలో కొత్త పేజీ తీసి అల్లుడి పేరు రాసుకున్నారు, గోడ గడియారం వంక చూశారు, పేరు కింద ఎర్రసిరాతో గీత గీశారు.

ఊళ్లో ఒక్కరికైనా ఉద్యోగం ఇప్పిస్తానన్న మాట ఆ విధంగా, పది నిమిషాలు ఆలస్యంగా, నెరవేరింది.