హెవీవెయిట్ వారసుడు

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ మొగిలయ్య రిటైరవుతున్నట్టు 1946 చలికాలంలో అధికారికంగా ప్రకటన వెలువడింది. ప్రకటించింది మొగిలయ్య కాదు. భుజం నొస్తోందని, ఇక చాలని గడ్డం గీయించుకుంటూ ఒక మాట అన్నాడు, అంతే. ఆ మాట సాయంత్రానికల్లా బాక్సింగ్ అంజుమన్ అధ్యక్షుడు రాజనర్సయ్య చెవిన పడింది. ఆయన వెంటనే కోటు తొడుక్కున్నాడు. రాజనర్సయ్య కోటు తొడుక్కున్నాడంటే ప్రజలకేదో మేలు జరగబోతోందన్నమాట. ఇక దాన్ని తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

మొగిలయ్య నేతపనివాళ్ల ఇంట్లో పుట్టాడు. పడుచుతనంలో బట్టల మూటలు మోసుకుంటూ తెల్ల పటాలాలుండే లష్కర్‌లోని దండు బజారుకు పోయేవాడు. అక్కడ తెల్ల సిపాయిలు చేతులకు తోలు తొడుగులు వేసుకుని ఒకళ్ళనొకళ్ళు కొట్టుకోవడం, పక్కనే ఉన్న పోలీసులు పట్టుకోకపోగా చప్పట్లు కొట్టడం చూశాడు. ఇంత మంచి పని లోకంలో ఉందని తనకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పనందుకు బాధపడి, మూట దింపి అందులో దిగాడు. ఆ తర్వాత ఆయన్ని పడగొట్టినవాడు పుట్టలేదు. మొగిలయ్య గుద్దు తిన్నవాడు తెలివొచ్చాక మంచినీళ్లు అడిగేవాడు కాదు, ఇది ఏ ఊరని అడిగేవాడు. మన జనానికి కూడా ఆయనంటే ప్రాణం. గెలిచిన సాయంత్రం భుజాల మీద ఊరేగించేవారు. మర్నాడు పిండిగిర్ని దగ్గర వరుసలో వెనక్కి నెట్టేవారు.

ఆయన శిష్యుడు నజీరుద్దీన్ సోమాజిగూడ రోడ్డు మీద టాంగా తోలేవాడు. గుర్రానికి దాణా పెట్టాక ఉస్తాదు ఇంటికొచ్చి సాధన చేసేవాడు. ఈ మధ్య ఉస్తాదు గుద్దులు గాలిలో పోతున్నాయి. శిష్యుడి గుద్దులు పోవడం లేదు. భుజం నొప్పికి అసలు కారణం అదేనని మొగిలయ్యకు తెలుసు, అందుకు ఆయన లోలోపల మురిసిపోయేవాడు కూడా.

"నా తర్వాత గద్దె నీదేరా," అన్నాడొకనాడు.

"గద్దె నాకు ఇయ్యకుండ్రి ఉస్తాద్. కొట్లాడనియ్యుండ్రి," అన్నాడు నజీరు. "గెలిస్తే గెల్శినవ్ అనాలె, ఓడితే ఓడినవ్ అనాలె. నలుగురి ముందల అనాలె. నాకు గంతే కావాలె."

మొగిలయ్య మాటిచ్చాడు. పాపం, గుద్దులాటలో లోకం తీరు వేరు, లోకంలో గుద్దులాట తీరు వేరని ఆయనకు ఎవరు చెప్పాలి?

రాజనర్సయ్య తాలూకా కచేరీలో లెక్కలు చూసే పేష్కారుగా చేసి దిగిపోయినవాడు. ఆయన తండ్రి పేష్కారు, తాత పేష్కారు, ఇప్పుడు కొడుకు పేష్కారు. ఆ పని ఎలా చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు గానీ, అది ఎలా సంక్రమిస్తుందో అందరికీ కంఠతా వచ్చు. పటేలు పోతే పటేలు కొడుకే పటేలు, పట్వారీ పోతే పట్వారీ కొడుకే పట్వారీ అయ్యే రాజ్యం మనది. అందుచేత ఖాళీ అయిన ఛాంపియన్ పదవి ఎవరికి చెందాలన్న విషయంలో అంజుమన్ పెద్దగా తర్జనభర్జన పడలేదు.

"మొగిలయ్య గారికి పుత్రసంతానం ఉన్నదా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"ఉన్నడు సాబ్, శివరాములు. దర్జీ పని చేస్తడు," అన్నాడు పోటీల్లో గంట కొట్టే బాబూ మియా. "గని ఆయనకు గుద్దులాట రాదు గద?"

"నాకు హిసాబు వచ్చునా? నేను పేష్కారీ చేయలేదా?"

ఈ వాదనకు సభ తలూపింది. శివరాములు సన్నగా ఉంటాడని, షేర్వాణీ, చెప్పులు, జేబులో కత్తెర సహా తూచినా హెవీవెయిట్‌లో సగానికి రాడని ఇంకెవరో గొణిగారు. తండ్రి ఆస్తిపాస్తులతో పాటు తండ్రి బరువు కూడా కొడుకుకే దఖలు పడుతుందని తీర్మానించి, అందరూ చాయ్ తాగి లేచారు.

వేలికి సూది గుచ్చుకుంటే ఆ పూటకు దుకాణం మూసేసే శివరాములు ఈ కబురు విని అధ్యక్షుడి దగ్గరికి పరుగెత్తాడు. "నన్నెవడన్న కొడ్తడా?" అని అడిగాడు. ఛాంపియన్‌ను కొట్టడం ఛాంపియన్ పదవికే అవమానమని, కాబట్టి ఇకమీదట ఛాంపియన్ పోటీలకు దిగడని రాజనర్సయ్య భరోసా ఇచ్చాడు. రెండు రోజుల్లో శివరాములు చేతులు ఎడంగా పెట్టి నడవసాగాడు. కొలతలు తీసుకునేటప్పుడు గిరాకీలను ఏకవచనంలో పిలవసాగాడు.

మొగిలయ్య ఇంట్లో అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆయన భార్య కమలవ్వ ఊరుకోలేదు.

"ఇన్నేండ్లు నువ్వు ముక్కు పగలగొట్టుకొని వస్తే నేను కాపడం పెట్టిన. నా కొడుకు ముక్కు పగలకుంట చాంపియన్ అయితే నీకెందుకు కడుపునొస్తది?"

పోటీల్లో ఎవడూ ఆయన్ని అంత గట్టిగా కొట్టలేదు. అయినా నజీరుకు ఇచ్చిన మాట కోసం లేచి అధ్యక్షుడి ఇంటికి పోయాడు.

"మా వానితోని నజీరును ఒక్కసారి కొట్లాడనియ్యుండ్రి దొరా. ఎవరు గెలిస్తే వాళ్లదే గద్దె."

"నజీరుద్దీన్ తండ్రి ఏమి చేసేవాడు?"

"టాంగా తోలిండు."

"నజీరుద్దీన్?"

"టాంగా తోల్తడు."

"చూసితిరా!" అన్నాడు రాజనర్సయ్య ప్రసన్నంగా. "ఎవరికి రావలసినది వారికి సక్రమముగానే అందినది. ఇందులో అన్యాయమెక్కడ?"

పంజాగుట్ట బండల పక్క మైదానంలో వీడ్కోలు సభ బ్రహ్మాండంగా జరిగింది. బాక్సింగ్ ఎన్నడూ చూడని పెద్దమనుషులు బాక్సింగ్ గురించి మధ్యాహ్నమంతా మాట్లాడారు. మొగిలయ్య కండబలంలో తమ ప్రోత్సాహం ఎంతో తలా ఒక వాటా తీసుకున్నారు. తర్వాత అధ్యక్షుడు ఆయనకు శాలువా కప్పాడు. శివరాములు మెడలో దండ పడబోతుండగా మొగిలయ్య ఆ శాలువా తీసి కుర్చీ మీద పారేసి, పక్కనే కట్టి ఉన్న బరి తాళ్ల మధ్యకు దిగాడు.

"నేనింకా దిగిపోలె! నన్ను పడగొట్టినోడే చాంపియన్. నజీరూ, రారా!"

నజీరు తటపటాయించాడు.

"నన్ను ఉస్తాద్ అనుకుంటే చెయ్యి ఆపకు," అన్నాడు మొగిలయ్య.

ఆ కొట్లాట చూసినవాళ్లు ధన్యులు. మొగిలయ్య చెయ్యి సడలించలేదు. శిష్యుడి పెదవి చిట్లింది, కన్ను మూసుకుపోయింది. ముసలి గుద్దులు మళ్లీ వయసులోకి వచ్చాయా అనుకున్నారు జనం. చివరికి నజీరు కుడిచేయి ఉస్తాదు దవడ కింద తగిలింది. పంజాగుట్ట మొదటిసారి మొగిలయ్య వీపు చూసింది. బాబూ మియా పది లెక్కపెట్టి, కళ్లు తుడుచుకుని గంట కొట్టాడు. మట్టిలో పడుకున్న మొగిలయ్య నవ్వాడు. గెలిచిన ఏ రోజూ ఆయనకు అంత సంతోషం కలగలేదు.

రాజనర్సయ్య కోటు సవరించుకుని లేచాడు.

"మహాజనులారా! శాలువా కప్పిన క్షణముననే మొగిలయ్య గారు రిటైరయినారు. రిటైరయిన మనిషిని ఓడించుట అసాధ్యము. కావున మీరిప్పుడు చూసినది బాక్సింగ్ కాదు, గురుశిష్యుల ఆప్యాయత. మన కొత్త ఛాంపియన్, అజేయుడు శివరాములు గారికి జై!"

కళ్లారా చూసిందీ ఆ జనమే. "జై" అన్నదీ వాళ్లే.

మొగిలయ్య మోచేతి మీద లేచి శిష్యుడి చెయ్యి పట్టుకున్నాడు. "గెల్శినవ్ బేటా," అన్నాడు నెత్తురు ఉమ్మేసి.

"మీరొక్కరంటే ఏం లాభం ఉస్తాద్?" అన్నాడు నజీరు, చప్పట్లు కొడుతున్న చేతులకేసి చూస్తూ. "గాళ్లనాలె."

మొగిలయ్య ఆ జనాన్ని కలయజూశాడు. వాళ్లలో ఆయన్ని భుజాల మీద మోసినవాళ్లున్నారు. దండలు వేసుకున్న కొడుకున్నాడు. కొంగుతో ఆనందబాష్పాలు ఒత్తుకుంటున్న కమలవ్వ ఉంది. చివరికి మెల్లగా అడిగాడు.

"మియా, గిది ఏ ఊరు?"

"మనూరే ఉస్తాద్," అన్నాడు బాబూ మియా తల వంచుకుని.

ఆ సాయంత్రం కొత్త ఛాంపియన్‌ను అమీర్‌పేట దాకా ఊరేగించారు. నజీరుద్దీన్‌కు కూడా అన్యాయం జరగకూడదని అంజుమన్ పట్టుబట్టి ఆ ఊరేగింపు టాంగాను అతనిచేతనే తోలించింది.

శివరాములు చనిపోయేదాకా ఒక్క పోటీలోనూ ఓడలేదు. తర్వాత ఆయన కొడుకూ ఓడలేదు, మనవడూ ఓడలేదు. బండలు పగలగొట్టి మేడలు కట్టారు, మైదానం మాయమైంది, పటేళ్లు పోయారు, రాజ్యమే పోయింది. గద్దె మాత్రం ఆ ఇంట్లోనే భద్రంగా ఉంది. మీకు నవ్వొస్తోందా? కానివ్వండి, హాయిగా నవ్వండి. నవ్వడం అయ్యాక, మొన్న మీ వీధిలోకి ఊరేగింపు వచ్చినప్పుడు పరుగెత్తుకెళ్లి మీరు దండ వేసి వచ్చారే, అతను ఎవరి కొడుకో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.