యంత్రం మింగిన ముప్పై రెండో పేజీ

గుమాస్తా చెప్పుల్లో కాళ్లు పెట్టేలోపే అతని భార్య ఓ కాగితాల కట్ట తెచ్చి చేతిలో పెట్టింది. అందులో ముప్పై రెండు పేజీల కథ ఉంది. రెండేళ్లుగా వంటింటి గట్టు మీద, పొయ్యి మీది గిన్నె పొంగేలోపు నాలుగు ముక్కలు, దించాక నాలుగు ముక్కలు చొప్పున, ఏ కాగితం దొరికితే దాని మీద రాసింది. రూళ్ల పుస్తకంలోంచి చింపినవి కొన్ని, పాత క్యాలెండరు వెనకవైపు కొన్ని, కరెంటు బిల్లు వెనక ఒకటి. చెల్లాచెదురు కాకుండా అంచున నీలం దారంతో కుట్టింది కూడా.

"కథల పోటీకి ఇవాళే ఆఖరు రోజండీ. మనకో కాపీ తీసుకుని, దీన్ని పన్నెండింటిలోగా పత్రిక ఆఫీసులో ఇచ్చేయండి. మీ ఆఫీసుకి రెండు వీధుల అవతలేగా."

"నా మీద వదిలెయ్," అన్నాడు గుమాస్తా. అది అతని ఊతపదం.

"ఇంతకీ చదివారా?"

"తీరికేదీ? చదువుతాలే."

"పోనీ, చివరి పేజీ ఒక్కటైనా చదవండి," అని ఆవిడ అతన్నోసారి ఎగాదిగా చూసి లోపలికి వెళ్లిపోయింది.

చదవకపోయినా కథ ఎవరి గురించో తనకు తెలుసని అతని ధీమా. రోజూ రాత్రి భోజనాల దగ్గర మేనేజరు తెలివితక్కువ పనులన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు. ఆవిడ ముసిముసిగా నవ్వుకుంటూ వింటుంది, ఆ తర్వాత ఏదో రాసుకుంటుంది. ఇంకెవరి గురించి రాస్తుంది!

ఆఫీసులో కాపీ మెషీన్ నెత్తిన ఒక ట్రే ఉంది. కాగితాలన్నీ అందులో పెట్టి మీట నొక్కితే ఒక్కొక్కటే లోపలికి లాక్కుని, నకలు తీసి, అవతలికి తోస్తుంది. తోయాలి. గుమాస్తా కుట్టును కత్తెరతో తెంపి, దారం ముక్కలు ఊడదీయకుండానే కట్టను ట్రేలో పెట్టి, మీట నొక్కి, టీ తాగుదామని అటు తిరిగాడో లేదో, వెనక నుంచి ఎవరో అప్పడం నలిపినట్టు చప్పుడైంది. ఎర్రదీపం వెలిగింది. ఏడో పేజీ సగం లోపల, సగం బయట ఉంది.

పట్టుకుని లాగాడు. అది మడతలు మడతలుగా ఊడి వచ్చింది. చేత్తో సాపు చేసి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఇరుక్కుంది. తెర మీద బాణం గుర్తు చూపించిన మూత తెరిచాడు, మూశాడు. "మూత తెరిచి ఉంది" అంది తెర. ఇంకా గట్టిగా మూశాడు. "మూత తెరిచి ఉంది." రెండు చేతులూ ఆనించి, దాదాపు ఎక్కి కూర్చుని మూశాడు. అప్పుడు రెండో ఎర్రదీపం కూడా వెలిగింది.

నకళ్ల కోసం వచ్చి నిలబడ్డ టైపిస్టుకి జాలేసింది. "అలా బలం చూపిస్తే వినదండీ. కాగితాలు బాగా విదిలించి పెట్టాలి. లోపల రబ్బరు చక్రం తడిగుడ్డతో తుడవాలి. ముందు మెకానిక్‌కి ఫోను చేస్తానుండండి. ఏవీ, ఆ కాగితాలు ఇలా ఇవ్వండి."

ఫోను చేసి వచ్చి, కట్ట విదిలిస్తూ పైపేజీ మీద ఓ చూపు వేసింది. చూపు అక్కడే ఆగింది. పెదవులు అదిరాయి. ఇంకో పేజీ తిప్పి పగలబడి నవ్వింది. "అమ్మో! అచ్చు మన ఆఫీసు మనిషే! దింపేశారండీ మీ ఆవిడ!"

గుమాస్తా చటుక్కున మేనేజరు గది తలుపు వంక చూశాడు. మొదటి పేజీకే మేనేజరుని పోల్చేసిందంటే ఇక ముప్పై రెండు పేజీల్లో ఏముందో! "నెమ్మదమ్మా! సారు వింటే నా కొంప మునుగుతుంది!"

సారు విననే విన్నాడు. కొత్త టై బిగించుకుని గదిలోంచి వచ్చాడు. ఆ రోజు పెద్దాఫీసు నుంచి మేడమ్ తనిఖీకి వచ్చి కూర్చుంది. ఆవిడ పేరెత్తితేనే మేనేజరుకి ముచ్చెమటలు పోస్తాయి.

"ఏమిటయ్యా ఈ గోల? పదకొండింటికి మీటింగు. ఈ రిపోర్టు నకలొకటి మేడమ్‌కి కావాలి, తొందరగా!"

"నా మీద వదిలెయ్యండి సార్," అని గుమాస్తా రిపోర్టు అందుకుని, ఆ కంగారులో టైపిస్టు చేతిలోంచి లాక్కున్న కథను దాచడానికి ఇంకో చోటు తోచక, రిపోర్టు కింద పెట్టేశాడు.

"నీ మీద వదిలేస్తే సాయంత్రం అవుతుంది. ఇలా తే!" అని మేనేజరు కట్ట మొత్తం లాక్కుని, ట్రేలో పెట్టి, మీట నొక్కాడు. పొద్దుటి నుంచి ఏడో పేజీ దగ్గరే మొరాయించిన మెషీన్ మేనేజరు చేతి మహిమో ఏమో, గబగబా మింగడం మొదలెట్టింది. రిపోర్టు పన్నెండు పేజీలూ అయిపోయాయి. దాని వెనకే కథ బయల్దేరింది. ఆపబోతే ఎందుకని సారు అడుగుతాడని గుమాస్తా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముప్పై ఒకటో పేజీ దాటాక కర్రుమని చప్పుడు చేసి, ముప్పై రెండో పేజీని కడుపులో పెట్టుకుని మెషీన్ ఆగిపోయింది.

"అయిందిగా!" అని మేనేజరు వచ్చిన నకలంతా దులిపి సర్ది మీటింగు గదిలోకి పట్టుకుపోయాడు.

గుమాస్తా రెండడుగులు వెనకే వెళ్లి ఆగాడు. గదిలోకి పరుగెత్తితే ఉద్యోగం దక్కుతుందేమో. కానీ భార్య చదవమన్న ఒక్క పేజీ ఇక్కడ ఇనుప కడుపులో ఉంది. రెండేళ్ల కష్టం, చివరి పేజీ లేని కథని ఎవరు తీసుకుంటారు? ఉద్యోగం సంగతి తర్వాత చూద్దామని మోకాళ్ల మీద కూర్చుని మూత ఎత్తాడు. స్కేలు పెట్టి చూశాడు. టైపిస్టు తల్లోని పిన్ను పెట్టి చూశాడు. ఆ పిన్ను కూడా లోపలే ఉండిపోయింది.

పదకొండున్నరకి మీటింగు గదిలోంచి ఓ నవ్వు వినిపించింది. తర్వాత రెండు. తర్వాత బల్ల మీద చరుస్తూ నవ్వుతున్నారు. తలుపు తెరుచుకుంది. ముందు మేడమ్, వెనక కళ్లు తుడుచుకుంటూ మేనేజరు.

"చివరి పేజీ ఏదీ?" అంది మేడమ్.

గుమాస్తా చేతులు జోడించాడు. "సార్, తప్పయిపోయింది సార్. మీ గురించి నేనేదో ఇంట్లో మాటవరసకి చెప్పాను, మా ఆవిడ అదంతా రాసేసింది..."

"నా గురించా?" మేనేజరు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "నువ్వు చదవలేదూ? ఇదిగో విను. 'మామగారి కళ్లద్దాలు బాగుచేయించమని ఇస్తే, నా మీద వదిలెయ్ అని వెళ్లి ఇంకెవరివో తెచ్చాడు. పెద్దాయన మర్యాద కొద్దీ ఆర్నెల్లు వాటితోనే పేపరు చదివాడు.' ఇంకోటి. 'ఇస్త్రీకిచ్చిన చీర తెమ్మంటే, నా మీద వదిలెయ్ అని పక్కింటావిడ కిటికీ తెర తెచ్చాడు.' ఇవన్నీ నేనెప్పుడు చేశానయ్యా?"

అందరూ గుమాస్తా వంక చూశారు. ఆ తెర అతనికి బాగా గుర్తుంది. పచ్చది, పువ్వులున్నది. తను చెప్పేవి వింటూ ముసిముసిగా నవ్వే భార్య ఇన్నాళ్లూ దేనికి నవ్విందో ఇప్పుడు తెలిసి అతని మొహం కందగడ్డయింది.

అంతలో మెకానిక్ వచ్చాడు. మాట్లాడే అలవాటు లేని మనిషి. మూతలు వరసగా విప్పి, పట్టకారు పెట్టి, రబ్బరు చక్రం నుంచి నీలం దారం లాగడం మొదలెట్టాడు. మూర దారం వచ్చింది. తర్వాత టైపిస్టు పిన్ను వచ్చింది. ఆఖరికి ముప్పై రెండో పేజీ మడతలు పడి బయటికొచ్చింది. "కుట్టిన కాగితాలు ఎవరు పెట్టారు?" అన్నాడు. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

పన్నెండుకి అయిదు నిమిషాలుంది. గుమాస్తా పేజీ లాక్కుని కట్టలో పెట్టి పరుగందుకోబోయాడు.

"ఆగవయ్యా, చదివాక పో!" అని మేడమ్ ఆ పేజీ అందుకుంది.

"అయిదు నిమిషాలే ఉంది మేడమ్! రెండేళ్లు రాసింది మా ఆవిడ!" అన్నాడు గుమాస్తా. అప్పటికే మేడమ్ పైకి చదువుతోంది.

"'అందుకే కథను పోటీకి పంపాల్సి వచ్చినప్పుడు ఆమె సాపు ప్రతిని వారం ముందే తన చేత్తో పోస్టు చేసింది. ఆఖరి రోజున చిత్తుప్రతి కట్ట భర్త చేతికిచ్చి, పన్నెండింటిలోగా ఇచ్చేయండి అంది. ఆయన ఆ పూటంతా దాని కోసం హైరానా పడతాడని ఆమెకు తెలుసు. ఆమె చెప్పింది ఏదైనా ప్రాణం పెట్టి చేస్తాడు, చెడగొడతాడు. చెడగొట్టే సంగతి ఆమె చూసుకుంటుంది. ప్రాణం పెట్టే మనిషి ఇంకొకడు దొరకడు.'"

టైపిస్టు ముక్కు చీదింది. గుమాస్తాకి ఏడవాలో, సిగ్గుపడాలో, చొక్కా కాలరు ఎగరేయాలో అర్థం కాలేదు. మూడూ కొంచెం కొంచెం చేస్తూ ఇంటికి ఫోను చేశాడు.

"ఏమేవ్! కథ నిజంగా పంపేశావా?"

"చివరి పేజీ చదివారన్నమాట!" ఆవిడ గొంతులో సంబరం దాగలేదు.

"చదివాను. అంటే, ఆఫీసంతా చదివింది. పెద్దాఫీసు మేడమ్ కూడా చదివింది. బాగా రాశావే... నిజంగా."

అవతల ఆవిడ ముక్కు ఎగబీల్చి, "సరే గానీ, సాయంత్రం వచ్చేటప్పుడు ఓ నీలం దారం ఉండ పట్టుకురండి. ఇంకో కథ మొదలెట్టాను," అంది.

"నా మీద వదిలెయ్!" అన్నాడు గుమాస్తా.

ఫోను పెట్టేసి ఆవిడ చెప్పులు తొడుక్కుని దారం కొనుక్కోవడానికి బజారుకి బయల్దేరింది.